నిజం కాని కథలు ఎందుకు?

తొమ్మిదేళ్ళ కొడుకు ఒకడు రచయిత అయిన తన తండ్రిని నిలదీశాడు. అందరికీ పుస్తకాలు రాస్తున్నావు గదా, నా బోటి పిల్లలు చదువుకునే పుస్తకం ఎందుకు రాయవని అతని ప్రశ్న. చేతిలో వున్న పెద్ద నవల ముగియగానే తరువాతి పుస్తకం నీ కోసమేనని తండ్రి మాట ఇచ్చాడు. ఆ పెద్ద నవల 1988లో వెలువడింది. 1989 ఫిబ్రవరి 14న ఇరాన్ మతాధినేత అయతుల్లా ఖొమైనీ ఆ నవల రాసినందుకు ఆ తండ్రిని చంపవలసిందని శాసనం చేశాడు. ఆనాటి నుంచి ఆయన ఇల్లు విడిచి, పేరు మార్చుకుని, బ్రిటిష్ పోలీసుల కాపలాలో చోటు నుంచి చోటికి తిరగవలసి వచ్చింది. కొడుకును చూడాలంటే కూడా పోలీసుల అనుమతి, ఏర్పాటు కావాలి.

అటువంటి స్థితిలో మనిషి ఏం రాస్తాడు? ఆత్మరక్షణ రాయవచ్చు, తిట్లు రాయవచ్చు, అసలేమీ రాయకుండా కూర్చోవచ్చు. ఈయన మాత్రం ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. 1990లో వచ్చిన ఆ పిల్లల నవల పేరు "హరూన్ అండ్ ది సీ ఆఫ్ స్టోరీస్". తెలుగులో చెప్పుకోవాలంటే హరూన్, కథల సముద్రం. రచయిత సల్మాన్ రుష్దీ. పుస్తకం మొదట్లో అంకితంగా వున్న చిన్న పద్యంలో ఒక్కొక్క పాదం మొదటి అక్షరాన్నీ కూర్చుకుంటే కొడుకు పేరు, జాఫర్, వస్తుంది. మన కవులకు కొత్తగాని విద్యేమీ కాదు. అయితే ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించే వీలులేని తండ్రి చేసిన పని గనుక అది మనస్సుకు తగులుతుంది.

రుష్దీ పేరు వినగానే కొందరు పెద్దలు కనుబొమలు ముడుస్తారని నాకు తెలుసు. ఆ మొదటి నవల గొడవ వేరు, దాని మీద ఎవరి అభిప్రాయం వారిది. ఈ పుస్తకం పదేళ్ళ పిల్లవాడి చేతికి నిశ్చింతగా ఇవ్వదగినది.

కథ అలిఫ్బే అనే దేశంలో మొదలవుతుంది. అలిఫ్, బే అంటే ఉర్దూ అక్షరాలలో మొదటి రెండు. మనం ఓనమాలు అన్నట్టు. ఆ దేశంలో ఒక నగరం. దానికి దుఃఖం ఎంత ముదిరిందంటే తన పేరే తాను మరచిపోయింది. అక్కడ దుఃఖాన్ని తయారుచేసే కార్ఖానాలు కూడా వున్నాయి. ఆ ఊళ్ళో సంతోషంగా వున్న ఇల్లు ఒక్కటే: కథకుడు రషీద్ ఖలీఫాది. ఆయన నోరు విప్పితే జనం ఇళ్ళకు పోవడం మరచిపోతారు. ఎన్నికలు వస్తే రాజకీయ నాయకులు ఆయన కోసం ఎగబడతారు. నాయకులు తాము చెప్పేదంతా నిజమంటారు గనుక జనం నమ్మరట. రషీద్ తాను చెప్పేదంతా కల్పితమేనని ముందే ఒప్పుకుంటాడు గనుక ఆయన్ని నమ్ముతారట! ఈ ఒక్క చమత్కారం చాలు, ఇది పిల్లల కోసం రాసినదే అయినా పెద్దవాళ్ళు కూడా ఒక చెవి పడేయవచ్చునని చెప్పడానికి.

రషీద్ భార్య సొరాయా రోజంతా పాటలు పాడుతూ వుండేది. ఉన్నట్టుండి పాట మానేసింది. మేడమీద అద్దెకున్న సేన్‌గుప్తా, నగరపాలక సంస్థలో గుమాస్తా, బక్కపలచని మనిషి, ఆమె చెవిలో ఒక మాట ఊదుతూ వచ్చాడు. నీ భర్త బుర్ర నిండా కల్పనలే, నిజం కాని కథలతో ప్రయోజనమేమిటని. ఒక వానరోజున ఆమె ఆ గుమాస్తాతో వెళ్ళిపోయింది. సరిగ్గా పదకొండు గంటలకు. రషీద్ ఇంట్లోని గడియారాలన్నీ ఆ పదకొండు దగ్గరే పగలగొట్టాడు. కొడుకు హరూన్ ఏడుపు, కోపం పట్టలేక ఆ గుమాస్తా ప్రశ్ననే తండ్రి ముఖాన విసిరాడు.

అంతే. తరువాత వేదిక ఎక్కి నోరు తెరిచిన రషీద్‌కు కాకి కూతలాంటి ఒక శబ్దం తప్ప మరేమీ రాలేదు. హరూన్‌కు పదకొండు నిమిషాలకు మించి దేని మీదా మనస్సు నిలవడం మానేసింది. తన మాటవల్లనే తండ్రి గొంతు పోయిందని వాడి నమ్మకం. ఆ మాటను ఎలాగైనా వెనక్కి తీసుకోవాలి. నవల అంతా ఆ పని మీదనే నడుస్తుంది.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. ఆ గుమాస్తా ప్రశ్న మన ఇళ్ళల్లో వినబడనిదా? పిల్లవాడు పాఠ్యపుస్తకం కింద కథల పుస్తకం దాచుకున్నాడనుకోండి, మనమూ అదే అంటాం. కాకపోతే ప్రయోజనం అనే పెద్దమాట వాడం, మార్కులు అంటాం. వెనుకటి రోజుల్లో దాసరి సుబ్రహ్మణ్యంగారి "తోకచుక్క", "పాతాళదుర్గం" చందమామలో వస్తున్నప్పుడు కూడా ఇంట్లో ఎవరో ఒక పెద్దమనిషి ఆ మాట అంటూనే వుండేవాడు. అన్న తరువాత తానే పత్రిక అందుకుని చదివేవాడు. ఇప్పుడు చందమామ లేదు. పెద్దమనిషి చేతిలో టెలిఫోను వుంది. ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు.

మళ్ళీ కథలోకి వద్దాం. రషీద్ తన కథలు ఎక్కడివని ఎవరైనా అడిగితే, ఎక్కడో వున్న కథల సముద్రం నుంచి తన ఇంటికి కంటికి కనబడని కుళాయి వుందనీ, తాను దానికి చందాదారుననీ చెబుతూ వుండేవాడు. కొడుకు నమ్మలేదు. ఒక రాత్రి కె-లోయలో (కాశ్మీరమని పిల్లలు కూడా పోల్చుకోగలరు) సరస్సు మీద పడవ ఇంట్లో పడుకున్న హరూన్‌కు స్నానాల గదిలో అలికిడి వినిపించింది. చూస్తే నీలి గడ్డం, పెద్ద తలపాగా గల జలభూతం ఒకటి చేతిలో పనిముట్టు పట్టుకుని గొణుక్కుంటున్నది. పేరు ఇఫ్. రషీద్ చందా రద్దయింది గనుక కుళాయి కత్తిరించడానికి వచ్చాడు! మునిసిపాలిటీ వాళ్ళు నీళ్ళ కనెక్షన్ తీసివేయడానికి వచ్చినట్టే వచ్చాడన్నమాట. హరూన్ ఆ పనిముట్టు లాక్కుని, తండ్రి కనెక్షన్ తిరిగి ఇప్పించేవరకు ఇవ్వనని భీష్మించాడు. ఇదెలా పనిచేస్తుంది, అదెలా జరుగుతుంది అని అడిగినప్పుడల్లా ఇఫ్ ఒకటే జవాబు చెబుతాడు: పి టు సి టు ఇ. వివరించడానికి అలవికానంత చిక్కువ్యవహారం అని అర్థం. ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినవారికైనా ఈ జవాబు పరిచయమే గనుక దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

తలమీద తురాయి గల హూపో పిట్టలాంటి ఒక యంత్రపక్షి మీద ఇద్దరూ ఎగిరి కహానీ అనే చంద్రుణ్ణి చేరతారు. భూమికి రెండవ చంద్రుడు. అతివేగంగా తిరగడం వల్ల మనకు కనబడదు. దాని మీద వున్నది కథల సముద్రం. వేలవేల రంగుల పాయలు, ఒక్కొక్క పాయ ఒక్కొక్క కథ, ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ నేతచీరలా కదులుతూ వుంటాయి. ఆ నీళ్ళల్లో వంటినిండా నోళ్ళున్న చేపలు జంటలు జంటలుగా ఈదుతాయి. అవి పాత కథలను మింగుతాయి, కడుపులో కలుపుతాయి, కొత్త కథలుగా బయటికి వదులుతాయి. రెండు చేపల పేర్లు గూపీ, బాఘా. ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రాసిన కథను ఆయన మనవడు సత్యజిత్ రాయ్ 1969లో చిత్రంగా తీశాడే, ఆ గూపీ బాఘాలకు ఇది దండం అన్నమాట. పాయలు చిక్కుపడితే విడదీసే తోటమాలి పేరు మాలీ.

ఇంగ్లీషు పాఠకుడికంటే మన పిల్లలకు ఈ పుస్తకం దగ్గర పడడానికి ఈ పేర్లే పెద్ద కారణం. ఆ చంద్రుడి మీద వెలుగున్న దేశం గప్, చీకటి దేశం చుప్. మనం గప్పాలు కొట్టడం అంటామా, ఆ గప్పే ఇది. తెలంగాణాలో పిల్లవాణ్ణి చుప్ వుండమంటారా, ఆ చుప్పే అది. గప్ దేశపు రాజకుమారి పేరు బాత్‌చీత్. మన బాతాఖానీకి అక్కగారు. సేనాపతి కితాబ్. ఆయన సైనికులందరూ పుటలు, దళాలు అధ్యాయాలు, సంపుటాలు. చుప్ దేశపు ప్రభువు ఖతమ్-షుద్, అంటే పూర్తిగా ముగిసిపోయిందని. ఖతం అంటే తెలియని తెలుగువాడు వుంటాడా? పుస్తకం చివర ఈ పేర్ల అర్థాలు ఒక పట్టికగా ఇచ్చారు. ఇంగ్లీషు పిల్లలు దాన్ని తిరగేసుకుంటూ చదవాలి. మన పిల్లలు సగం పేర్లకు ముందే నవ్వేస్తారు. తండ్రీకొడుకుల పేర్లు రెండూ కలిపితే అరేబియన్ రాత్రుల కథల్లోని బాగ్దాదు ఖలీఫా హరూన్ అల్ రషీద్ అవుతాడని పెద్దవాళ్ళు చెప్పాలి.

ఖతమ్-షుద్‌కు కథలంటే గిట్టదు. కథల సముద్రంలో విషం కలుపుతున్నాడు. ప్రతి కథకూ ఒక వ్యతిరేక కథ తయారుచేసి పోస్తున్నాడు. సముద్రం అడుగున కథలు పుట్టే ఊటకు పెద్ద బిరడా కూడా సిద్ధం చేస్తున్నాడు. అతన్ని ఎదుట చూసినప్పుడు హరూన్ ఆశ్చర్యపోతాడు. కోరలు, కొమ్ములు ఏవీ లేవు. అచ్చం మేడమీది గుమాస్తాలాగానే వున్నాడు! లోకం వున్నది ఏలడానికి అంటాడతను. ప్రతి కథలోనూ తాను ఏలలేని ఒక లోకం వుంటుంది, అదే తన బాధ. మరణశాసనం నెత్తిమీద వున్న మనిషి ఈ ఘట్టం రాశాడని గుర్తు చేసుకుంటే పెద్దల వంటి మీద రోమాలు నిలుస్తాయి. పిల్లలకు ఆ సంగతి తెలియనక్కరలేదు. వాళ్ళకు అతను మంచి రాక్షసుడు, అంతే చాలు.

యుద్ధానికి బయలుదేరిన గప్ సైనికులు నడుస్తూనే వాదిస్తారు. సేనాపతి ఆజ్ఞ సబబా కాదా అని పుటలన్నీ తర్కించుకుంటుంటే హరూన్‌కు గుండె జారుతుంది, వీళ్ళేం యుద్ధం చేస్తారని. తీరా యుద్ధంలో వాళ్ళే గెలుస్తారు. అన్నీ మాట్లాడుకున్నవాళ్ళు గనుక ఒకరి మీద ఒకరికి నమ్మకం వుంది. నోరు కుట్టుకున్న చుప్‌వాళ్ళు ఒకరినొకరు అనుమానించుకుని, తమ నీడలను తామే నమ్మలేక చెదిరిపోతారు. ప్రజాస్వామ్యం గురించి పౌరశాస్త్రం పాఠం ఇంతకంటే బాగా చెప్పగలదా అని నా సందేహం.

అలాగని రచయిత మౌనాన్ని తక్కువ చేయలేదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న పాత్ర చుప్ దేశపు వీరుడు ముద్ర. అతను మాట్లాడడు, హస్తాలతో, కన్నులతో చెబుతాడు. ఆ భాష పేరు అభినయం అనే రాశాడు రుష్దీ. ముఖానికి పచ్చరంగు పూసుకుని, కథకళి నటుడిలా, తన నీడతో తానే కత్తిసాము చేసే ముద్రను హరూన్ చూసే ఘట్టాన్ని కూచిపూడి నేర్చుకుంటున్న ఆడపిల్ల ఎవరైనా వుంటే చదివి వినిపించండి. మాటకు వెలుగులాగా మౌనానికీ దాని అందం వున్నదని ఆ పసివాడికి అక్కడే తోస్తుంది.

తెలుగు పాఠకుడికి ఈ పుస్తకంతో మరొక బంధుత్వం వుంది. కథల పాయల సముద్రం అన్న ఊహ ఎక్కడిది? కథాసరిత్సాగరం అన్న సంస్కృత సమాసాన్ని విడదీస్తే వచ్చేది అదే: కథలనే సరిత్తుల సాగరం. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సూర్యవతీదేవి అనే రాణి వినోదం కోసం రచించాడు. సి. హెచ్. టానీ 1880 నుంచి కలకత్తాలో ప్రకటించిన ఇంగ్లీషు అనువాదం పేరులో ఈ కథల పాయల సముద్రమే కనబడుతుంది. హరూన్ పడుకున్న పడవ ఇంట్లో పుస్తకాల బీరువాలో ఆ గ్రంథం వున్నట్టు రుష్దీ రాశాడు కూడా. సోమదేవుడి కాశ్మీరం నుంచే పిల్లవాడు సముద్రానికి బయలుదేరడం కాకతాళీయమని నేననుకోను.

సోమదేవుడికి ఆధారం గుణాఢ్యుడి బృహత్కథ. గుణాఢ్యుడెవరు? గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురంలో, ఇప్పటి మహారాష్ట్రలోని పైఠణ్‌లో, సాతవాహన రాజు కొలువులో మంత్రి. పురాణాలు ఆంధ్రులని చెప్పే రాజులు వీరే. ఆ కథ కథాసరిత్సాగరంలోనే మొదటి లంబకంలో వుంది. రాజు జలక్రీడలాడుతూ రాణి మీద నీళ్ళు చల్లాడు. నీళ్ళతో కొట్టవద్దని ఆమె సంస్కృతంలో అన్నది. మా, ఉదకైః అన్న రెండు మాటలు గుణసంధి వల్ల మోదకైః అయ్యాయి. రాజుకు సంధి తెలియక లడ్డూలు తెప్పించాడు! రాణి నవ్వింది, రాజు సిగ్గుపడ్డాడు. సంస్కృతం నేర్పడానికి గుణాఢ్యుడు ఆరేళ్ళు కావాలన్నాడు, శర్వవర్మ ఆరు నెలలు చాలునన్నాడు. అదే జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ విడిచిపెడతానని గుణాఢ్యుడు పంతం పట్టాడు. ఓడిపోయాడు. మాట లేనివాడై అడవికి పోయాడు.

చూశారా, మన దగ్గర కూడా గొంతు పోగొట్టుకున్న కథకుడే! అడవిలో పైశాచి భాష నేర్చుకుని, సిరా లేక తన రక్తంతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడు. రాజుకు పంపితే, పిశాచాల భాష, రక్తపు రాత అని తిరగగొట్టాడు. గుణాఢ్యుడు నిప్పు రాజేసి, ఒక్కొక్క పత్రం చదివి జంతువులకూ పక్షులకూ వినిపించి అగ్నిలో వేస్తూ పోయాడు. మృగాలు మేత మాని కన్నీళ్ళతో విన్నాయి. రాజుగారి భోజనంలో మాంసం ఎండిపోయి రుచి చెడింది. కారణం విచారించి రాజు పరుగెత్తుకు వచ్చేసరికి ఆరు లక్షలు బూడిద. మిగిలింది ఒక లక్ష. ఆ బృహత్కథ మూలం కూడా నేడు దొరకదు. దాని నుంచి పారిన పాయలే మనకు మిగిలాయి. చందమామ నెల నెలా వేసిన బేతాళ కథలకు మూలమైన ఇరవై అయిదూ కథాసరిత్సాగరంలో వున్నవే. పిల్లలకు హరూన్ కథ చెప్పిన మర్నాడు గుణాఢ్యుడి కథ చెప్పి చూడండి. చేపల కడుపులో కథలు ఎలా కలుస్తాయో వాళ్ళే చెబుతారు.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. శ్లేషలు కొన్నిచోట్ల మితిమీరి, తీపి ఎక్కువైన పాయసంలా మొహం మొత్తుతాయి. రాజకుమారి బాత్‌చీత్ ముక్కు మీద, గొంతు మీద వేసిన హాస్యం మోటుగా వుంది, ఆడపిల్లలకు నచ్చకపోవచ్చు. బ్లాబర్‌మౌత్ అనే చురుకైన పిల్ల మగవేషం వేసుకుని సైన్యంలో చేరింది గనుక సరిపోయింది. కథారంభంలో తల్లి ఇల్లు విడిచిపోవడం చిన్నపిల్లలను కలవరపెట్టవచ్చు. అటువంటి కష్టం నిజంగా ఎరిగిన పిల్లలు వున్న ఇంట్లో పెద్దవాళ్ళు ముందు చదివి, పక్కన కూర్చుని వినిపించడం మేలు. పిల్లవాడు తప్పంతా తనదేనని నమ్మడం ఎంత సహజమో, అది ఎంత పొరపాటో ఈ కథ మెల్లగా చెబుతుంది.

ముగింపు చెప్పి రసభంగం చేయను. హరూన్ ఒక కోరిక కోరుతాడనీ, ఆ కోరికకు ఒక చంద్రుడే కదలవలసి వచ్చిందనీ, తిరిగి వచ్చాక ఆ దుఃఖనగరానికి తన పేరు గుర్తుకు వస్తుందనీ మాత్రం చెబుతాను. సుఖాంతం మరీ తేలికగా దొరికిందని మీకనిపిస్తే, హరూన్‌కు కూడా అదే అనుమానం వచ్చిందని గమనించండి.

మొత్తం పన్నెండు అధ్యాయాలు, సుమారు రెండు వందల పుటలు. ఇంగ్లీషు సులువే. రాత్రికి ఒక అధ్యాయం చొప్పున పన్నెండు రాత్రులకు సరిపోతుంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే మనవరాలు ఇంగ్లీషులో చదివి తెలుగులో బామ్మకు చెబితే ఇంకా మంచిది. గప్, చుప్‌ల దగ్గర బామ్మే మనవరాలికి అర్థం చెబుతుంది. రుష్దీ కూడా కొడుక్కి స్నానం చేయించే వేళ మొదలుపెట్టాడట ఈ పని. తొట్టిలోని నీళ్ళను మగ్గుతో ముంచి, తాగినట్టు నటించి, ఆ గుక్కలో దొరికిన కథ చెప్పేవాడు. కథల కుళాయి అక్కడ పుట్టింది.

2022 ఆగస్టు 12న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక సభావేదిక మీద రుష్దీని ఒకడు కత్తితో పొడిచాడు. ఒక కన్ను పోయింది. బతికి, 2024లో ఆ సంగతే పుస్తకంగా రాశాడు. అది పెద్దలకు. పిల్లలకు మరొకటి వుంది: రెండవ కొడుకు పెద్దవాడై, అన్నకు రాసినట్టు నాకూ ఒక పుస్తకం కావాలని పట్టుపట్టాడు. హరూన్‌కు లూకా అనే తమ్ముణ్ణి సృష్టించి, రషీద్‌ను లేవలేని నిద్రలో పడేసి, ప్రాణాగ్నిని దొంగిలించి తెమ్మని ఆ తమ్ముణ్ణి పంపించాడు రుష్దీ. 2010లో వెలువడిన ఆ పుస్తకం సంగతి, వీలయితే మరొక వారం.